దీపం కింద మైనపు బిళ్ళ

ఆ మైనపు బిళ్ళకి తేనె వాసన వేసింది.

కవరు మూసి బల్ల మీద పెట్టాను. మళ్ళీ తీసి వాసన చూశాను. నిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ నా చేతిలో పెట్టినప్పుడు దానికి ఏ వాసనా లేదు. తెల్లగా ఉంది. ఇప్పుడు ఒక అంచు పసుపు పచ్చగా ఉంది.

నలభై ఏళ్ళుగా తేనెటీగల్ని పెంచుతున్నాను. తేనెమైనం ఏదో, ఆసుపత్రి మైనం ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలను.

"ఏంటి మావయ్యా, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు? బెల్గ్రేడ్ బస్సుకి టైమవుతోంది," అన్నాడు గ్రదిమిర్. కోటు తొడుక్కుని వ్యాను తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. మా అల్లుడు. పద్నాలుగేళ్ళుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు.

బిళ్ళ అతనికి అందించాను. అతను వాసన చూశాడు. అతనికేమీ తెలియలేదు. నా మొహం చూసి భయపడ్డాడు.

"ఏమైంది?"

నేను స్తమెన్క వైపు చూశాను. నా భార్య పొయ్యి దగ్గర పండగ రొట్టెకి పిండి పిసుకుతోంది. రేపు మా ఇంటి పునీతుడి పండగ. అటు తిరిగే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"స్తమెన్కా," అన్నాను.

"నాకేం తెలీదు."

"నేనింకా ఏమీ అడగలేదు."

ఆమె చేతులు పిండిలో ఆగిపోయాయి.

"పునీత జోర్జె కాళ్ళ దగ్గర పెట్టాను," అంది చివరికి. "తప్పా? అందులో నా బిడ్డ ఒంటి ముక్క ఉంది. అంత దూరం పంపే ముందు ఆయన చూపు ఒక్కసారి దాని మీద పడాలనుకున్నాను."

జోర్జె పటం రేకు అర మీద ఉంటుంది. దీపం సరిగ్గా ఆ అర కిందే వేలాడుతుంది. పండగ ముందు రోజు సందెవేళ వెలిగించాల్సిన దీపాన్ని ఈసారి ఆమె రెండు రోజుల ముందే వెలిగించింది. ఎందుకో ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగక్కర్లేకుండానే అందరికీ తెలుసు.

"కరిగిందా?" అన్నాడు గ్రదిమిర్.

"కొంచెం."

"కొంచెం అంటే ఎంత అత్తయ్యా?"

"గట్టిగా అరవకు. అది వింటుంది."

పక్క గదిలో మా కూతురు దెసంక దగ్గింది. ముగ్గురం నోళ్ళు మూసుకున్నాం. దగ్గు ఆగేదాకా గ్రదిమిర్ కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఈ మూడు వారాలుగా మా ఇంట్లో గొడవలన్నీ గుసగుసల్లోనే జరుగుతున్నాయి. ఊపిరితిత్తికి నిమ్ము చేరిందని దానికి చెప్పాం. మిగతాది చెప్పలేదు.

స్తమెన్క గొంతు తగ్గించి చెప్పింది. పొద్దున్నే చూసేసరికి మైనం అర మీద మడుగు కట్టి ఉంది. గట్టిపడ్డాక కత్తితో గీకింది. బిళ్ళలో గుంట పడింది. గుంట అలాగే ఉంటే పట్నంలో తీసుకోరేమోనని గుడి కొవ్వొత్తి ఒకటి కరిగించి నింపింది.

"మన మైనమే. మంచి మైనం," అంది. "వాళ్ళ దానికన్నా మంచిది."

గ్రదిమిర్ తాళాలు బల్ల మీద పెట్టేశాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. అలా పెట్టడం చూస్తే నాకు భయం వేసింది.

"ఆ సూది గుచ్చినప్పుడు దాని ఊపిరితిత్తి గాలి పోయిన బెలూనులా అయిపోయింది. నాలుగు రోజులు పక్కలో గొట్టంతో పడుకుంది. నా చెయ్యి వదల్లేదు. అంత బాధ పడి ఇచ్చిన ముక్క అది. మీరు దాన్ని కొవ్వొత్తి చేశారు."

"నేను తల్లిని."

"నేనెవర్ని? ఇల్లరికం వచ్చినవాణ్ణి. ఈ ఇంట్లో నన్ను అడిగేదెవరు?"

"పద్నాలుగేళ్ళు నా చేతి కూడు తిని ఇప్పుడా ఆ మాట?"

"కూడు సంగతి కాదు అత్తయ్యా. వేడి తగలకూడదని చంటిపిల్లాడికి కూడా తెలుస్తుంది."

"నాకెవరు చెప్పారు?" స్తమెన్క నా వైపు తిరిగింది. "ఏమయ్యా. నీకు చెప్పిందా డాక్టరమ్మ?"

చెప్పింది. వేడికి దూరంగా పెట్టండి, పొయ్యి దగ్గర, కిటికీ ఎండలో పెట్టకండి అని రెండుసార్లు చెప్పింది. నేను ఇంటికి వచ్చి కవరు స్తమెన్క చేతిలో పెట్టి 'జాగ్రత్త' అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను.

"చెప్పింది," అన్నాను.

స్తమెన్క నన్ను తిట్టలేదు. పిండి చేతులు చూసుకుంది. తిడితే బాగుండును.

"గీకిన మైనం ఏం చేశావు?" అని అడిగాను.

ఆమె అర కింద నుంచి రేకు డబ్బా తీసింది. కాలిన కొవ్వొత్తి ముక్కలన్నీ అందులోనే వేస్తుంది. ఏడాదికోసారి గుడికి ఇస్తే కరిగించి కొత్తవి పోస్తారు.

"ఇందులో వేశాను. పారెయ్యలేదు. దాని ముక్క కదా, చెత్తలో ఎలా వేస్తాను?"

*

ఆసుపత్రి నేలమాళిగలో ఆ చివరి తలుపు మీద బోర్డు లేదు, బయట బల్ల లేదు, కూర్చునే కుర్చీ లేదు. రోగులు వచ్చే చోటు కాదది. నిన్న ఒకసారి వచ్చాను కాబట్టి దారి తెలుసు.

డాక్టర్ యెలిసావెత తలుపు తీసింది. యాభై దాటిన మనిషి. సన్నగా ఉంటుంది. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతుంది.

స్తమెన్క డబ్బా ఒళ్ళో పెట్టుకుని దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు గుమ్మంలోనే మొదలుపెట్టింది. దీపం, అర, కత్తి, కొవ్వొత్తి, అన్నీ చెప్పేసింది. చెబుతూ చెబుతూ డాక్టరమ్మ చెయ్యి పట్టుకోబోయింది.

డాక్టరమ్మ తిట్టలేదు. బిళ్ళని వెలుతురుకి పట్టి చూసింది. వాసన చూసింది.

"తేనెమైనం," అంది.

"మాదే," అన్నాను.

"కరిగితే ముక్క పాడవదు. నేనూ కరిగించే పోస్తాను. భయం అది కాదు." ఆమె బిళ్ళని తిప్పింది. "సూదితో తీసిన ముక్కలు ఇందులో రెండు దారాల్లా ఉండాలి. వెంట్రుకంత సన్నంగా ఉంటాయి. ఇప్పుడు ఒకటే కనిపిస్తోంది."

గ్రదిమిర్ గోడకి ఆనుకున్నాడు.

"మొత్తం మూడు వచ్చాయి కదా డాక్టరుగారూ?"

"ఒకటి జబ్బు పేరు తేల్చడానికి అయిపోయింది. ఇదివరకైతే మూడూ దానికే వాడేసేదాన్ని. క్యాన్సరా కాదా, అయితే ఏ రకం. ఆ ఒక్క మాట రాసి పైకి పంపితే నా పని అయిపోయేది. ఇప్పుడు పేరు ఒక్కటే చాలదు. లోపల జన్యువుల్లో ఎక్కడ తప్పు పడిందో తెలియాలి. కొన్ని తప్పులకి మందు బిళ్ళలు ఉన్నాయి. ఇంట్లో కూర్చుని మింగొచ్చు. అందుకని రెండు దారాలు ముట్టుకోకుండా వేరే మైనపు బిళ్ళలో దాచాను."

"మందు సంగతి పై అంతస్తు డాక్టరు చెప్పాలి కదా. మీరు ముక్కలు చూసే డాక్టరు," అన్నాడు గ్రదిమిర్. వెటకారం కాదు. భయంలో అతని మాట అలాగే ఉంటుంది.

"ఆయన ఇప్పుడు నన్ను అడుగుతాడు బాబూ. ప్రతి మంగళవారం అందరం ఒకచోట కూర్చుంటాం. ఆయన, కోత డాక్టరు, కరెంటు పెట్టే డాక్టరు. నేను నోరు విప్పేదాకా ఎవరూ మందు రాయరు. ముందు ఇరవై ఏళ్ళు ఆ గది ఎక్కడుందో కూడా నాకు తెలీదు."

ఆమె చెప్పింది నాకు నా పద్ధతిలో అర్థమయింది. తేనెపెట్టెలో పిల్లపురుగులు కుళ్ళితే ఒకప్పుడు అన్నీ ఒకటే జబ్బనుకునేవాళ్ళం. రెండు జబ్బులని తరవాత తెలిసింది. ఒకదానికి పెట్టె తగలబెట్టాలి. రెండోదానికి రాణీగని మారిస్తే చాలాసార్లు నిలబడుతుంది. తెలియక ముందు నేను ఎన్ని పెట్టెలు ఊరికే తగలబెట్టానో.

"ఆ డబ్బా ఇటివ్వండి," అంది డాక్టరమ్మ.

బల్ల మీద తెల్ల కాగితం పరిచి కుమ్మరించింది. పసుపు ముక్కలు, మసి పట్టిన వత్తులు, పెంకుల్లాంటి పొరలు. ఆమె చిన్న పటకారుతో ఒకటి తీసింది. ఇంకొకటి తీసింది. ఇలా అయితే సాయంత్రమవుతుంది.

నేను కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు.

తేనెమైనం వేళ్ళ మధ్య నలిపితే మెత్తబడి అంటుకుంటుంది. ఆసుపత్రి మైనం పుటుక్కున విరుగుతుంది. విరిగినవి ఆమె వైపు నెట్టాను. మెత్తబడ్డవి పక్కకి తోశాను. ఆమె నా వేళ్ళ వైపు చూసింది. నలభై ఏళ్ళు సిగరెట్టు పట్టిన చోట చర్మం ఇంకా పసుపుగానే ఉంది.

"మానేశారా?"

"మూడు వారాలు."

"ఇంట్లోనే తాగేవారా?"

తల ఊపాను. దెసంక ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ. అది ఒక్కసారి కూడా సిగరెట్టు ముట్టలేదు.

డాక్టరమ్మ పటకారు ఆపింది. "ఏదో అడగాలనుకుంటున్నారు. అడగండి, మిలిసావ్ గారూ."

నోరు తెరిచాను. నా పొగ వల్లేనా అని అడగబోయాను. ఆమె అవునంటే? ఆ తరవాత నేను ఏ మొహంతో ఇంటికి వెళ్ళాలి?

"ఏం లేదు," అన్నాను.

ఆమె మళ్ళీ పనిలో పడింది.

అరగంటకి నా వేలికి ఒక తెల్ల పొర దొరికింది. అందులో గోధుమ రంగు గీత. వెంట్రుకంత సన్నం. ఊపిరి తగిలితే ఎగిరిపోతుందేమోనని మొహం పక్కకి తిప్పుకుని ఆమెకి చూపించాను.

"అదే," అంది స్తమెన్క వెనక నుంచి. "దేవుడా, అదే. నా బిడ్డదే."

డాక్టరమ్మ దాన్ని అద్దపు పలక మీద పెట్టి యంత్రం కింద చూసింది. చాలాసేపు చూసింది. మేం ముగ్గురం ఆమె వీపునే చూస్తున్నాం.

"తేనెటీగ కాలు," అంది.

గ్రదిమిర్ నవ్వాడు. నవ్వుతూనే గోడ వైపు తిరిగాడు. అతని భుజాలు చాలాసేపు కదిలాయి. స్తమెన్క లేచి వెళ్ళి అతని వీపు మీద చెయ్యి వేసింది. అతను తీసెయ్యలేదు.

మిగిలిన డబ్బాలో ఏమీ దొరకలేదు. ఆమె బిళ్ళని కరిగించి మళ్ళీ పోసింది. ఒక్క పొర, కనీకనిపించనంత పల్చటిది, కోసి రంగు వేసి చూసింది. దానికి రెండు గంటలు పట్టింది. మేం మెట్ల మీద కూర్చున్నాం. పైన ఎవరో పళ్ళేలు కడుగుతున్నారు. ప్రతి చప్పుడుకీ స్తమెన్క ఉలిక్కిపడింది.

డాక్టరమ్మ బయటికి వచ్చి మా కింది మెట్టు మీద కూర్చుంది.

"ఒక దారం ఉంది. బాగానే ఉంది. కానీ దాంట్లో జబ్బు కణాలు తక్కువ. బెల్గ్రేడ్ పంపితే పరీక్షకి చాలొచ్చు, చాలకపోవచ్చు. చాలలేదని తెలిసేసరికి మూడు వారాలు పోతాయి. ఆ జబ్బు మూడు వారాలు ఊరికే కూర్చోదు."

"లేకపోతే?" అన్నాడు గ్రదిమిర్.

"మళ్ళీ సూది."

స్తమెన్క ఖాళీ డబ్బా మూత బిగించింది.

"రక్తంలో చూస్తారని విన్నాను," అన్నాడు అతను.

"చూస్తారు. ఉందని వస్తే మంచిదే. లేదని వస్తే నమ్మలేం. మళ్ళీ ఈ మెట్టు మీదికే వస్తాం." ఆమె కళ్ళజోడు తుడుచుకుంది. "సూది రేపు పొద్దున వేయగలరు. పైవాళ్ళతో మాట్లాడాను. ఈసారి నేను పక్కనే ఉంటాను. తీసిన ముక్క అక్కడికక్కడే చూసి, చాలు అని నేనన్నాకే ఆపుతారు. ఒక్క గుచ్చు కూడా ఎక్కువ పడనివ్వను. ఊపిరితిత్తి మళ్ళీ ముడుచుకుపోదని మాత్రం చెప్పలేను."

"రేపు పండగ," అంది స్తమెన్క.

"తెలుసమ్మా. సాయంత్రం నాలుగు లోపల ఏదో ఒకటి చెప్పండి."

"సూదే," అన్నాడు గ్రదిమిర్.

"వద్దు," అంది స్తమెన్క. "ఆ గొట్టం మళ్ళీ నేను చూడలేను. ఉన్నదే పంపండి."

"మిమ్మల్ని కాదు నేను అడుగుతున్నది," అంది డాక్టరమ్మ. "సంతకం మీ అమ్మాయిది. దేనికి సూది వేస్తున్నారో తెలియకుండా ఆమె సంతకం పెట్టకూడదు. నిమ్ము అని చెప్పారట కదా. పైన నర్సులు చెప్పారు. ముందు ఎవరికి ఏం చెప్పినా నాకు పట్టేది కాదు, నేను కిందే ఉండేదాన్ని. ఇప్పుడు నా కాగితం మీదే ఆమె పేరు ఉంటుంది."

ఆమె నా వైపు చూసింది. ఎందుకు నా వైపు చూసిందో తెలియదు.

*

మూడు గంటలకి ఇల్లు చేరాం. దెసంక వంటింట్లో కూర్చుని ఉంది. పండగకి ఉడకబెట్టాల్సిన గోధుమలు బల్ల మీద పోసుకుని రాళ్ళు ఏరుతోంది. బుగ్గలు పీక్కుపోయాయి. జుట్టు దువ్వుకుంది, అతిథులు వస్తారని.

స్తమెన్క గుమ్మంలో ఆగిపోయింది. గ్రదిమిర్ వ్యానులోంచి ఏదో తేవాలని మళ్ళీ బయటికి వెళ్ళాడు. వ్యానులో ఏమీ లేదని నాకు తెలుసు.

నేను కూతురి ఎదురుగా కూర్చున్నాను. కొన్ని గోధుమలు నా వైపు లాక్కున్నాను. ఇద్దరం ఏరాం.

"బెల్గ్రేడ్ వెళ్ళలేదే ఆయన," అంది.

"లేదు."

"ముక్క పాడయిందా?"

నా వేలు ఆగిపోయింది.

"ఏ ముక్క?"

"నాన్నా." ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "నాకు నిమ్ము అని మీరు చెప్పిన రోజు నువ్వు ఆ గుమ్మం దాటి వెళ్ళి సిగరెట్టు పెట్టె పెరటి పొయ్యిలో పడేశావు. కిటికీలోంచి చూశాను. అమ్మ ఏడ్చినా మానలేదు, పళ్ళు ఊడినా మానలేదు. నిమ్ముకి ఎవరూ మానరు నాన్నా."

స్తమెన్క గుమ్మంలోనే నేల మీద కూర్చుండిపోయింది.

"మూడు వారాలు తెలిసి ఎందుకు ఊరుకున్నావే?" అంది.

"మీకు దాచడంలో పని ఉంది కదమ్మా. ఆ పని కూడా లేకపోతే మీరేమైపోతారోనని."

నేను చెప్పాను. దీపం సంగతి, నా 'జాగ్రత్త' సంగతి, తేనెటీగ కాలు సంగతి, ఒక్క దారం సంగతి, సూది సంగతి. జబ్బు పేరు కూడా చెప్పాను. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ గుసగుసగా కూడా పలకలేదు. అంత మాట్లాడటం నా జన్మలో మొదటిసారేమో.

సూది అన్నప్పుడు దెసంక చెయ్యి దానంతట అదే పక్కటెముకల మీదికి వెళ్ళింది. గొట్టం పెట్టిన చోటికి.

"నాకు భయంగా ఉంది," అంది. మూడు వారాల్లో ఆ మాట అనడం ఇదే మొదలు.

"నాకూ," అన్నాను.

"తేనెటీగ కాలా?" అంది దెసంక.

"అవును."

నవ్వబోయింది. దగ్గొచ్చింది. చాలాసేపు వచ్చింది. స్తమెన్క లేచి నీళ్ళు తెచ్చింది.

"ఇంకొకటి అడిగావా డాక్టరమ్మని?" అంది, ఊపిరి కుదుటపడ్డాక. "నీ పొగ సంగతి?"

నేను గోధుమల వైపు చూశాను.

"లేదు."

"ఎందుకు?"

గోధుమల్ని వేలితో ఒక పక్కకి నెట్టాను. ఆమె నా మొహం చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసినా తట్టుకునేవాణ్ణి.

గేటు గంట మోగింది. వీధిలో అడుగుల చప్పుడు, పాట కూనిరాగం. రాదోయె గొంతు. దెసంకకి జ్ఞానస్నానం ఇప్పించినవాడు. ఏటా పండగ ముందు రోజు మొదట అడుగుపెట్టేది అతనే. చేతిలో సీసా ఉంటుంది, వెనక భార్య ఉంటుంది.

స్తమెన్క గబగబా కళ్ళు తుడుచుకుంది. ఏప్రన్ సరిచేసుకుంది. "తరవాత మాట్లాడుకుందాం. వాళ్ళ ముందు వద్దు. నిమ్మనే చెబుదాం, పండగ అయ్యేదాకా."

"వద్దు," అంది దెసంక.

గోడ గడియారం మూడున్నర దాటింది.

"నాన్నా, నువ్వు నాకు చెప్పావు. సరే. నాకు చెప్పడం కష్టం కాదు, నాకు ముందే తెలుసు. వాళ్ళకి చెప్పు. తలుపు దగ్గరే చెప్పు. చెబితే నేను కోటు వేసుకుంటాను, సంతకానికి వెళ్దాం. నువ్వు మళ్ళీ నోరు మూసుకుంటే నేనూ చెయ్యి ముడుచుకుంటాను. ఆ ఒక్క దారమే పోతుంది బెల్గ్రేడ్. చాలితే చాలుతుంది."

"ఇదేం పంతమే," అంది స్తమెన్క.

"పంతం కాదమ్మా. మళ్ళీ ఆ గదిలో పడుకుంటే బయట ఎవరుంటారో తెలియాలి నాకు. మూగవాళ్ళు ముగ్గురుంటే నాకు ధైర్యం రాదు."

లేచాను. వసారా దాటి వెళ్ళి గొళ్ళెం తీశాను.

రాదోయె మూడుసార్లు నన్ను కౌగిలించుకున్నాడు. చల్లగాలి వాసన, సారా వాసన. ఏటా అడిగేదే అడిగాడు.

"పండగ దీవెనలు, బావా. ఇంటిల్లిపాదీ క్షేమమేనా?"

ఏటా చెప్పే జవాబు ఒకటుంది. దేవుడి దయ వల్ల అందరం క్షేమం. నలభై ఏళ్ళుగా అదే చెబుతున్నాను. నాలుక దానంతట అదే అటు కదిలింది.

నా వెనక వంటింట్లో గోధుమలు ఏరే చప్పుడు ఆగిపోయింది.